ముప్పై ఒకటో పేజీ

క్రితం వారం పద్మజని మనం యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, చౌక్తడా పేటలోని ఒక పాత సర్కారు భవనంలో, మూడో అంతస్తు మెట్ల మీద వదిలేశాం. చేతిలో తడిసిన గొడుగు, చెవిలో శుక్రవారం నాటి ఫోను మాట. "మీ రిజిస్టరు చదివే మనిషి దొరికాడు. సోమవారం పదకొండింటికి రండి."

ఆ ఫోను వచ్చేవరకూ ఆమె ధైర్యంగానే ఉంది. మోన్ రాష్ట్రంలో, మౌల్మేన్‌లో రెండేళ్ళు శిక్షణ పొంది స్కూలు కౌన్సెలర్ అయిన మనిషి యాంగోన్‌లో పని చెయ్యాలంటే, కొత్తగా పెట్టిన పరిశీలన మండలి లైసెన్సు ఇవ్వాలి. బయటి రాష్ట్రంలో చదివినవాళ్ళు మూడు చూపించాలి. ఒకటి సర్టిఫికెట్, అది ఉంది. రెండోది శిక్షణ ఇచ్చిన పెద్దావిడ ఉత్తరం. ఆవిడ సైనిక ప్రభుత్వం మీద సమ్మెలో చేరి ఎటు వెళ్ళిపోయిందో ఎవరికీ తెలీదు, కనక అంతా మూడోదాని మీదే ఆధారం. మూడోది మూడువందల గంటల పని రాసుకున్న అసలు రిజిస్టరు. ప్రతి పేజీకీ అంకె ఉంది, ప్రతి పేజీ మీదా మౌల్మేన్ ముద్ర ఉంది. ఒక్క కాగితం చింపినా దొరికిపోతుంది.

చింపాల్సిన అవసరం లేదనుకుంది పద్మజ. రిజిస్టరంతా తెలుగులో రాసుకుంది. హాస్టల్లో పక్క మంచం వాళ్ళు పిల్లల సంగతులు చదవకుండా ఉండాలని చేసిన పని అది. యాంగోన్ తెలుగు ఇళ్ళలో మాట వచ్చినవాళ్ళు వేలమంది ఉన్నారు. అక్షరం వచ్చినవాళ్ళు ఏ యాభైమందో ఉంటారు, అందరూ ముసలివాళ్ళే. వాళ్ళలో ఎవరొచ్చి ఈ ఆఫీసులో కూర్చుంటారు? పేజీలు లెక్కపెట్టుకుని, ముద్రలు చూసుకుని, తిరిగి ఇచ్చేస్తారని రిజిస్టరు కౌంటర్లో పెట్టేసింది.

ఒక్క సంగతి మరిచిపోయింది. ఈ ఊళ్ళో తాతల నాటి పుట్టుక కాగితం గానీ, గంజాం నుంచి వచ్చిన పెళ్ళి పత్రం గానీ ఆఫీసుకి వెళ్ళాలంటే, దాన్ని చదివి ముద్ర వేసే మనిషి ఒక్కడే ఉన్నాడు. నలభై ఏళ్ళుగా ఆయనే. ఆ మనిషి దగ్గరే, మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలోని కోవెల హాల్లో, ఆదివారం ఆదివారం ఆమె అ ఆలు దిద్దింది.

తలుపు తోసి లోపలికి వెళ్ళేసరికి దండాసి మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, గళ్ళ లుంగీ, ఒళ్ళో ముద్ర ఉన్న రేకు డబ్బా. డెబ్భై రెండేళ్ళు. బల్లకి అవతల మండలి అధికారి డా మ్యా తండా, అక్కడ డా అంటే శ్రీమతి. యాభై ఏళ్ళ మనిషి. బుగ్గల మీద తనకా చెక్క గంధం పలచగా, పొద్దున్నే రాసుకున్నట్టు ఉంది. బల్ల మధ్యలో రిజిస్టరు, దాని పక్కన మాటలు రికార్డు చెయ్యడానికి పెట్టిన సెల్‌ఫోను.

"నమస్కారం మాస్టారూ," అంది పద్మజ.

ఆయన తల ఎత్తలేదు. "ఏటి నమస్కారం. నీ దస్తూరీ ఇంకా అలాగే ఉన్నాది. కోడి గీకినట్టు."

"మీరిద్దరూ ఆ భాషలో మాట్లాడుకోకూడదు," అంది అధికారి బర్మీస్‌లో, మర్యాదగానే; సయా అంటే అక్కడ పంతులుగారు, సయామ అంటే పంతులమ్మ. "సయా ఉ దండాసి, పద్ధతి మీకు తెలుసు. ముందు అసలు భాషలో పైకి చదవండి. తర్వాత బర్మీస్‌లో చెప్పండి. రెండూ రికార్డు అవుతాయి. సయామ, మీరు ఏమీ చెప్పక్కర్లేదు. అడిగినప్పుడు చెబితే చాలు."

పద్మజ కూర్చుంది. ఆమె ముందు ఒక గ్లాసు నీళ్ళు పెట్టారు.

దండాసి మాస్టారి గురించి యాంగోన్ తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు, మనం చెప్పుకోవాలి. సొంత తమ్ముడి కూతురు లక్ష్మీనరసమ్మ పౌరసత్వం కార్డుకి పెట్టిన కాగితంలో పుట్టిన సంవత్సరం తేడా పడితే, ఒక్క అంకె మార్చి చదవమని తమ్ముడు కాళ్ళు పట్టుకున్నాడు. మాస్టారు ఉన్నది ఉన్నట్టే చదివాడు. ఆ పిల్లకి కార్డు రావడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ తమ్ముడు ఈయన గుమ్మం తొక్కలేదు. "నాను మార్చితే అది అనువాదం అవదు, అబద్ధం అవుతాది," అన్నాడట.

అటువంటి మనిషి ఇప్పుడు ఆమె రిజిస్టరు మొదటి పేజీ తిప్పాడు.

అచ్చంగా ఉన్నది ఉన్నట్టే చదివాడు. కొట్టివేత ఉంటే "ఇక్కడ కొట్టివేత" అన్నాడు. టీ మరక ఉంటే "ఇక్కడ మరక" అన్నాడు. నాలుగో పేజీలో ఒక పిల్లాడు లెక్కల సారు గురించి చెప్పుకున్న మాటలున్నాయి. సారు బోర్డు వైపు తిరిగి కిళ్ళీ నములుతూ అంకెలన్నీ బోర్డుకే చెబుతాడనీ, బోర్డుకి లెక్కలన్నీ వచ్చేశాయి గానీ తమకే రాలేదనీ. మాస్టారు దాన్ని శవయాత్రలో మంత్రంలా చదివాడు. డా మ్యా తండా పెదవి చివర కొంచెం కదిలింది. ఆ తర్వాత ఆయన బర్మీస్‌లో చెప్పాడు.

పద్మజకి ఇవేవీ ఎక్కడం లేదు. నత్తి పిల్ల, పక్క తడిపే పిల్లాడు, తండ్రి బెల్టుకి భయపడి బడి మానేసినవాడు. తనని నమ్మి చెప్పుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే బల్ల మీదకి వస్తున్నాయి. అయినా ఇవన్నీ వేరు. ముప్పై ఒకటో పేజీ వేరు.

ముప్పై ఒకటో పేజీలో ఐంద్రా ఉంది. మౌల్మేన్ పిల్ల, పదహారేళ్ళు. ఆ పిల్ల అక్క నర్సు. ఊరేగింపుల్లో తూటాలు తగిలినవాళ్ళకి కట్లు కట్టినందుకు ఆమె పేరు సైన్యం జాబితాకెక్కింది. పారిపోయింది. ఎక్కడికి? పిల్ల ఏడుస్తూ చెప్పింది. ట్వంటే ఊళ్ళో, కాలవ ఒడ్డున, కుండలు కాల్చే మూడో ఆవం వెనక కుమ్మరి ఇంట్లో. "పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయాలి" అని శిక్షణలో నేర్పారు కనక పద్మజ చెప్పినట్టే రాసింది. పేర్లతో సహా. ఊరి పేరు కింద గీత కూడా గీసింది.

పోయిన వారమే ఐంద్రా నుంచి కబురొచ్చింది. అక్క క్షేమం, అక్కడే ఉంది.

ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. బయట వాన పెరిగింది. ముప్పై అయింది. మాస్టారు వేలు తడిచేసుకుని పేజీ తిప్పాడు.

ఆగాడు.

కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. పేజీ మీద ఆయన చూపు పైనుంచి కిందకి ఒకసారి వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చింది.

"ఏమైంది సయా?" అంది అధికారి.

"సిరా అలికింది. చూసుకుంటున్నాను," అన్నాడు బర్మీస్‌లో. తర్వాత గొంతు సవరించుకుని, ముప్పై పేజీలూ ఏ రాగంలో చదివాడో అదే రాగంలో తెలుగు మొదలుపెట్టాడు.

"ముప్పై ఒకటో పేజీ. పద్మజా, కదలకు. నన్ను చూడకు. నాను సదువుతన్నట్టే ఉండాల. ఈ గుంట పేరూ, దాని అప్ప పేరూ, ఊరూ, కుమ్మరోల ఇల్లూ అన్నీ రాసి పడేసేవు. బుర్ర ఉన్నాదేటి నీకు? ఇది సద్దికూడు మూట కాదే, మనిషి పేణం."

పద్మజ బల్ల చెక్కలోని గీతలు చూస్తూ ఉండిపోయింది.

మాస్టారు ఊపిరి తీసుకుని బర్మీస్‌లోకి దిగాడు. "ముప్పై ఒకటో పేజీ. పదహారేళ్ళ అమ్మాయి. పరీక్షలంటే భయం. రాత్రిళ్ళు నిద్ర పట్టదని చెప్పింది. అన్నం సయించదని చెప్పింది."

అధికారి చేతిలో పెన్ను ఆగింది. "తర్వాత?"

మాస్టారి వేలు పేజీ మీద రెండో పేరా కిందకి జరిగింది. "ఆ అప్ప ఇంకా అక్కడే ఉన్నాదా? ఉంటే గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగు. లేకపోతే ఊరకుండు."

పద్మజ చెయ్యి చాచింది. గ్లాసు బల్లకి తగిలి చప్పుడైంది. రెండు గుక్కలు తాగింది. మూడోది గొంతుకి అడ్డం పడి దగ్గొచ్చింది.

"అమ్మాయి అక్క కూడా ఇలాగే పరీక్షల్లో భయపడేదట," అన్నాడు మాస్టారు బర్మీస్‌లో. "ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే అని తల్లి తిడుతుందట."

"నీళ్ళు ఇంకా కావాలా సయామ?" అంది డా మ్యా తండా.

"వద్దండీ."

అధికారి ముందుకి వంగి రిజిస్టరు మీద వేలు పెట్టింది. "ఇక్కడ ఒక మాట కింద గీత ఉంది. ఇంత పుస్తకంలో ఇంకెక్కడా గీత లేదు. ఈ మాట ఏమిటి? ముందు మీ భాషలో."

దండాసి మాస్టారు ఆ మాట వైపు చూశాడు. ట్వంటే. రెండు బారెడు అక్షరాలు. నలభై ఏళ్ళుగా ఉన్నది ఉన్నట్టు చదివిన నోరు.

"గీతలెందుకే నీకు, గీతలు! పరీక్ష పేపరనుకున్నావేటి!" అన్నాడు రాగం తప్పకుండా. తర్వాత బర్మీస్‌లో, నెమ్మదిగా, "'ఊపిరి' అని ఉంది. నిద్ర పట్టనప్పుడు పది లెక్కపెడుతూ ఊపిరి లోపలికి తీసుకోవాలి అని అమ్మాయికి చెప్పిన ఉపాయం. ముఖ్యమని గీత గీసి ఉంటుంది."

అధికారి పద్మజ వైపు తిరిగింది. "అవునా?"

"అవునండీ," అంది పద్మజ. "పది కాదు, నాలుగు. లోపలికి నాలుగు, బయటికి ఆరు." ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలీదు. శిక్షణలో చెప్పిన మాటే, అదృష్టం.

"నాలుగే," అన్నాడు మాస్టారు, పేజీ మీదకి వంగి. "అలికిపోయింది. నాలుగే."

తర్వాత డెబ్భై పేజీలు ఉన్నది ఉన్నట్టే నడిచాయి. ఒంటిగంటన్నరకి అయిపోయింది. రాతపూర్వకమైన ధ్రువీకరణ కాగితం మీద "అక్షరం మార్చకుండా చదివాను" అన్న వాక్యం కింద దండాసి మాస్టారు సంతకం పెట్టాడు. రేకు డబ్బా మూత తీసి, ముద్ర మీద ఊది, కాగితం మీద గట్టిగా నొక్కాడు. ముద్రని తుడిచి తిరిగి డబ్బాలో పెట్టుకోలేదు. డబ్బాతో సహా అధికారి ముందుకి తోశాడు.

"ఇదేమిటి సయా?"

"తిరిగి ఇచ్చేస్తున్నానండి. కళ్ళు ఆనడం లేదు. చూశారుగా, నాలుగుని పది అని చదివాను. ఇంక ఈ పనికి నేను పనికిరాను."

"మీ భాషకి ఇంకో మనిషి లేడు."

"లేడండి," అన్నాడు మాస్టారు. లుంగీ సర్దుకుని లేచి, మొదటిసారి పద్మజ మొహం చూశాడు. చిన్నప్పుడు పలక మీద తప్పు రాస్తే చూసే చూపే. "మీ అమ్మకి చెప్పు, కోవెల్లో అందరికీ చెబుతాది. ఈ ఆదివారం నుంచి క్లాసు లేదని."

ఈసారి వాళ్ళు తెలుగులో మాట్లాడినందుకు అధికారి అడ్డు చెప్పలేదు. ముసలాయన చెప్పుల చప్పుడు మెట్లు దిగుతూ దిగుతూ వానలో కలిసిపోయింది.

డా మ్యా తండా సెల్‌ఫోను రికార్డింగు ఆపింది. సొరుగులోంచి ఒక గట్టి కాగితం తీసి, పద్మజ పేరు రాసి, సంతకం చేసి, మండలి ముద్ర వేసింది. లైసెన్సు. దాన్ని బల్ల మీద పెట్టి దాని మీద వేలు ఆనించింది. వదల్లేదు.

లేచి వెళ్ళి తలుపు వేసింది. వెనక్కి వచ్చి కూర్చుంది.

"ముసిలాయన బలే సదివేడు కదేటి," అంది తెలుగులో.

పద్మజ గిరుక్కున తల ఎత్తింది. అరకొర తెలుగు కాదది. మింగళ తౌంగ్‌న్యున్‌ సందుల్లో, రైలు స్టేషను వెనక, కుళాయి దగ్గర వినిపించే తెలుగు.

"మా అమ్మమ్మ మంగాయమ్మ," అంది ఆవిడ. "స్టేషను కాడ ఇడ్లీలు అమ్మేది. పదేళ్ళొచ్చేవరకూ ఆవిడ ఒళ్ళోనే పెరిగేను. అక్షరాలు రావు, మాట వచ్చు. నా సర్వీసు కాగితాల్లో ఆవిడ లేదు. మనోళ్ళ మనవరాలినని తెలిస్తే నాను ఈ కుర్చీలో ఉండను. నీకిప్పుడు తెలిసింది. నాకూ నీ సంగతి తెలిసింది."

"మీరు..." అంది పద్మజ. "మరి ఎందుకు ఊరుకున్నారు? ఆయన్ని సంతకం ఎందుకు పెట్టనిచ్చారు?"

"కుమ్మరోల ఇంట్లో అప్ప నాకెందుకమ్మా? నా చేతిలో పని కాదది. కానీ ఇది ఉన్నాదే," సెల్‌ఫోను మీద గోటితో కొట్టింది, "ఇది నాలుగింటికి పైకి వెళ్తాది. పై అంతస్తు వాళ్ళు రంగూన్ అంతా వెతికైనా ఇంకో తెలుగోడిని తెచ్చి వినిపిస్తారు, ఆ పేజీ సదివిస్తారు. అప్పుడు ఆ అప్ప, ఆ కుమ్మరోలు, మీ మాస్టారు, నువ్వు. అందరూ ఒకే బండిలో."

"చెరిపేయండి," అంది పద్మజ. "మీరు తలుచుకుంటే చెరిపేయొచ్చు."

"చెరిపేస్తాను. మిషను పాడైంది అంటాను. అలాటివి అవుతానే ఉంటాయి. నాకో పని చేసిపెట్టు."

ఆవిడ పక్క గది తలుపు వైపు చూసింది. సగం పైన మసక అద్దం ఉన్న తలుపు.

"నా కూతురు. యమిన్. పదిహేడేళ్ళు. పదకొండు నెలలైంది నోరు విప్పి. డాక్టర్లు గొంతులో ఏం లేదన్నారు. తింటాది, నిద్రపోతాది, చెప్పిన పని చేస్తాది. మాటాడదు. పోయిన జూలైలో ఓ రోజు బైటికెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి ఇంతే. ఎక్కడికెళ్ళింది, ఏటి చూసింది, ఎవరితో ఉన్నాది, నాకు తెలియాల. నువ్వు కనుక్కో. కనుక్కుని నాకు చెప్పు. నాలుగు లోపల."

"మాట్లాడతాను," అంది పద్మజ. "ఎన్ని రోజులైనా వచ్చి మాట్లాడతాను. కానీ పిల్లలు నాతో చెప్పుకున్నది నేను ఎవరికీ చెప్పనమ్మా. తల్లికైనా చెప్పను. అది మా పనిలో..."

"చెప్పవా?" డా మ్యా తండా రిజిస్టరు మూసి, అట్ట మీద అరచెయ్యి పెట్టింది. గొంతు పెంచలేదు. "నూటొక్క పేజీలు రాసి నా బల్ల మీద పెట్టిపోయేవు కదమ్మా. ముసిలాయన పొద్దుట్నుంచి అవే కదా సదివేడు."

పద్మజ లేచి నిలబడింది.

"రెండు దాటింది," అంది అధికారి. లైసెన్సు మీద నుంచి వేలు తీసింది. "వెళ్ళు."

పక్క గది చిన్నది. మూడు వైపులా ఫైళ్ళ కట్టలు, ఒక కిటికీ, మూత తియ్యని టిఫిన్ కారియరు, గోడకి గడియారం. కిటికీ కింద కుర్చీలో సన్నటి పిల్ల ఒకతె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. పద్మజ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసినా తల తిప్పలేదు.

ఇంకో కుర్చీ లేదు. పద్మజ ఫైళ్ళ కట్ట ఒకటి లాక్కుని దాని మీద కూర్చుంది. పిల్ల కన్నా కొంచెం కిందుగా.

"నా పేరు పద్మజ. స్కూల్లో పని చేస్తాను," అంది బర్మీస్‌లో.

తర్వాత చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏ పిల్లతోనైనా, ఏ ఊళ్ళోనైనా మొదట చెప్పే మాట. ఇక్కడ నువ్వు చెప్పింది ఈ గది దాటి వెళ్ళదు. మూడువందల గంటల్లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు చెబితే ఆ మాటకి కట్టుబడాలి, అప్పుడు ట్వంటేలో ఒక మనిషి పోతుంది. కట్టుబడనని లోపల అనుకుంటూ పైకి చెబితే, ఎదురుగా ఉన్న ఈ పిల్లని తను మోసం చేస్తుంది.

చెప్పకుండా ఊరుకుంది. వాన చూరు మీద నుంచి కిటికీ చెక్క మీద పడుతోంది.

మసక అద్దం వెనకాల ఒక నీడ వచ్చి నిలబడింది. కదలకుండా ఉండిపోయింది.

యమిన్ నెమ్మదిగా తల తిప్పింది. ముందు ఆ నీడని చూసింది. తర్వాత ఆ నీడ వైపే చూస్తున్న పద్మజని చూసింది. ఈమె కూడా భయపడుతోందని ఆ పిల్లకి అర్థమైనట్టుంది. పెదవులు తడుపుకుంది. పదకొండు నెలలు వాడని గొంతు, తుప్పు పట్టిన తాళంలా, రెండు మూడుసార్లు ఒట్టి గాలే వదిలి, చివరికి పలికింది.

"మిమ్మల్ని అమ్మ పంపిందా?"

పద్మజ అబద్ధం చెప్పలేదు. "అవును."

"నేను ఏం చెబితే అది తనకి చెప్పమందా?"

"చెప్పమంది."

పిల్ల మళ్ళీ అద్దం వైపు చూసింది. నీడ అక్కడే ఉంది. యమిన్ కుర్చీలోంచి ముందుకి వంగి, పద్మజ చెవి దగ్గరికి నోరు తెచ్చింది.

"అయితే ముందు ఆ తలుపు గడియ పెట్టండి," అంది. "ఆ రోజు నేను చూసింది అమ్మనే."

గడియారంలో రెండూ ఇరవై. పద్మజ లేచింది. అద్దం అవతలి నీడ తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

పిడి తిరిగేలోపే పద్మజ గడియ పెట్టేసింది.